అప్పీలును అర్జీలా రాయొద్దు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ. ఛార్జిషీట్ వచ్చింది, ఎంక్వయిరీ అయిపోయింది, శిక్ష పడింది, ఇప్పుడు పైన ఎవరికి చెప్పుకోవాలి అని. అన్నింటికీ ఇక్కడ చోటు లేదు కాబట్టి నలుగురికీ పనికొచ్చే వాటిని తీసుకున్నాను. కొన్ని కేసులు ఇంకా నడుస్తున్నాయి, అందుకని పేర్లు, ఆఫీసుల వివరాలు తీసేశాను.

ప్రశ్న: మా నాన్నగారు రైల్వేలో బుకింగ్ క్లర్క్. విజిలెన్స్ వాళ్లు ఒక మనిషిని ప్రయాణికుడిలా కౌంటర్ దగ్గరికి పంపి టికెట్ కొనిపించారు. ఐదు వందల నోటు ఇస్తే ఇరవై రూపాయలు తక్కువ తిరిగిచ్చారని ఎస్.ఎఫ్-5 (పెద్ద శిక్షకు ఇచ్చే ఛార్జిషీట్) ఇచ్చారు. రద్దీలో చిల్లర లేక, ఆగితే ఇస్తానన్నానని నాన్న అంటారు. ఎంక్వయిరీ అయ్యాక రిమూవల్ ఆర్డర్ ఇచ్చారు. అప్పీల్ చేస్తే పోయిన నెల రెండే రెండు లైన్లు వచ్చాయి: 'మీ అప్పీలును జాగ్రత్తగా పరిశీలించాను. శిక్షను మార్చడానికి తగిన కారణాలు కనిపించలేదు.' 28 ఏళ్ల సర్వీసు సార్. ఇరవై రూపాయలకి ఉద్యోగం తీసేస్తారా? ఇంకా దారి ఉందా? (పాఠకుడు, కాజీపేట)

జవాబు: దారి ఉంది, కానీ టైమ్ తక్కువ. రైల్వే ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీల్ రూల్స్ 1968లో వచ్చాయి. వాటిలో 24వ రూల్ ప్రకారం గ్రూప్-సి ఉద్యోగిని డిస్మిస్ చేసినా, రిమూవ్ చేసినా, కంపల్సరీ రిటైర్మెంట్ ఇచ్చినా, అప్పీల్ తేలిన 45 రోజుల్లోపు జనరల్ మేనేజర్‌కి రివిజన్ (ఆ ఆర్డర్‌ని తిరిగి పరిశీలించి సరిచేయమని అడిగేది) పెట్టుకోవచ్చు. పోయిన నెల ఆర్డర్ వచ్చిందంటున్నారు కాబట్టి ముందు ఆ కాగితం మీ నాన్నగారి చేతికి ఏ తేదీన అందిందో చూసి, క్యాలెండర్ మీద లెక్క వేసుకుని, ఆ తర్వాత మిగతా జవాబు చదవండి.

మీరు ఉత్తరంతో పాటు పంపిన అప్పీల్ కాపీ మొత్తం చదివాను. నాలుగు పేజీలు. అందులో మూడున్నర పేజీలు కుటుంబ పరిస్థితి, అమ్మగారి ఆరోగ్యం, చెల్లెలి పెళ్లి, 28 ఏళ్ల సేవ, చివర్లో 'దయతో క్షమించగలరు'. చదువుతుంటే మనసుకి కష్టంగానే ఉంది, అందులో అబద్ధమేమీ లేదు. కానీ క్షమించమని రాసిన మరుక్షణం తప్పు ఒప్పుకున్నట్టే చదువుతారు. పైగా ఎంక్వయిరీలో జరిగిన పొరపాట్ల గురించి అందులో ఒక్క ముక్క లేదు. మన ఉద్యోగులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే, అది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. నిజంగా పట్టు ఉన్న కేసు కూడా అర్జీలా రాయడం వల్ల చేజారిపోతుంది.

శిక్షను తర్వాత పరిశీలించేవాళ్లు, ముఖ్యంగా కోర్టులు, 'ఇతను తప్పు చేశాడా లేదా' అని మళ్లీ మొదటినుంచి విచారణ చేయరు. 1963లోనే మన ఆంధ్రప్రదేశ్ ఎస్సై ఒకాయన కేసులో (స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వర్సెస్ శ్రీరామారావు) సుప్రీంకోర్టు ఇది తేల్చేసింది. శాఖాపరమైన విచారణ మీద హైకోర్టు అప్పీల్ కోర్టులా కూర్చోదు. విచారణ రూల్ ప్రకారం జరిగిందా, సహజ న్యాయం (అంటే మన వాదన విని, పక్షపాతం లేకుండా తేల్చడం) పాటించారా, నిర్ణయానికి కొంతైనా సాక్ష్యం ఉందా అన్నవే చూస్తుంది. 1995 నాటి బి.సి. చతుర్వేది తీర్పు కూడా అదే దారిలో నడిచింది. శిక్ష జోలికి వెళ్లాలంటే అది మనస్సాక్షిని కుదిపేసేంత ఎక్కువగా ఉండాలంది. కాబట్టి 'ఇరవై రూపాయలకా' అన్న మాటతో మొదలుపెట్టకండి. డబ్బు చేతులు మారే ఉద్యోగాల్లో మొత్తం ఎంతన్నది ముఖ్యం కాదు, నమ్మకం పోయిందా లేదా అన్నదే ముఖ్యమని కోర్టులు చాలాసార్లు అన్నాయి. ఆ వాదన చివర్లో, శిక్ష గురించి రాసే పేరాలో పెట్టుకోండి.

కోర్టుతో పోలిస్తే అప్పీల్ అధికారికి, రివిజన్ చేసే జనరల్ మేనేజర్‌కి చాలా ఎక్కువ అధికారం ఉంది. వాళ్లు సాక్ష్యం మొత్తం మళ్లీ తూచవచ్చు, శిక్ష తగ్గించవచ్చు, పూర్తిగా ఎత్తేయవచ్చు. పెంచవచ్చు కూడా, అయితే ముందు నోటీసు ఇచ్చి జవాబు తీసుకోవాలి. అంటే వాస్తవాల మీద గట్టిగా పోట్లాడాల్సింది ఇక్కడే. 'ఇక్కడ ఎలాగూ కొట్టేస్తారు, కోర్టులో చూసుకుందాం' అని రివిజన్‌ని ఫార్మాలిటీగా పెట్టేవాళ్లు ఉన్న ఒక్క మంచి అవకాశాన్ని వదులుకుంటున్నారు.

ఇక ఆ రెండు లైన్ల ఆర్డర్ సంగతి. అప్పీల్ అధికారి ఏమేం చూడాలో 22వ రూల్‌లో స్పష్టంగా ఉంది: విచారణ రూల్స్ ప్రకారం జరిగిందా, జరగకపోతే దానివల్ల అన్యాయం జరిగిందా, నిర్ధారణలకు రికార్డులో సాక్ష్యం ఉందా, శిక్ష సరిపోయిందా, తక్కువైందా, ఎక్కువైందా. 1986లో రామ్ చందర్ అనే రైల్వే ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు ఇదే 22వ రూల్ పట్టుకుని, అప్పీల్ ఆర్డర్‌లో కారణాలు ఉండాలి, ఉద్యోగికి స్వయంగా చెప్పుకునే అవకాశం ఇవ్వాలి అని చెప్పింది. మీ నాన్నగారి ఆర్డర్‌లో 22వ రూల్ చూడమన్న వాటిలో ఒక్కదానికీ సమాధానం లేదు. రివిజన్‌లో మొదటి పాయింటు ఇదే పెట్టండి, ఆ తీర్పు పేరు, సంవత్సరం రాయండి, నేరుగా కలిసి చెప్పుకునే అవకాశం ఇవ్వమని అందులోనే అడగండి.

రెండో పాయింటు ఆ చెకింగ్ జరిగిన తీరు. ఇలా మనిషిని పంపి పట్టుకునేటప్పుడు స్వతంత్ర సాక్షులు ఉండాలి, మాటలు వినేలా, డబ్బు చేతులు మారడం చూసేలా వాళ్లు నిలబడాలి అని రైల్వే విజిలెన్స్ మాన్యువల్‌లో 704, 705 పేరాల్లో ఉంది. ఇక్కడ కొంచెం జాగ్రత్త. 2007లో జి. రత్నం కేసులో, అది మన దక్షిణ మధ్య రైల్వే కేసే, ఆ పేరాలు కేవలం శాఖాపరమైన సూచనలు, పాటించనంత మాత్రాన విచారణ చెల్లకుండా పోదు అని సుప్రీంకోర్టు చెప్పింది. రైల్వే వాళ్లు మీ మీద వాడేది ఈ తీర్పే. కానీ మరుసటి ఏడాది, 2008లో, మోనీ శంకర్ కేసులో అదే కోర్టు, ఆ సూచనల్ని పూర్తిగా పక్కన పెట్టడానికీ వీల్లేదు, మిగతా సాక్ష్యం బలహీనంగా ఉన్నప్పుడు అన్నీ కలిపి చూడాలి అని చెప్పి ఉద్యోగి వైపు నిలబడింది. కాబట్టి 'మాన్యువల్ పాటించలేదు కనుక కొట్టేయండి' అని ఊరుకుంటే సరిపోదు. 'మాన్యువల్ పాటించలేదు, సాక్షిగా పెట్టిన కానిస్టేబుల్ తనకు మాటలు వినపడలేదని ఒప్పుకున్నాడు, ఇక మిగిలింది విజిలెన్స్ పంపిన మనిషి మాట ఒక్కటే' అని మూడింటినీ కలిపి రాయండి. మీరు పంపిన ఎంక్వయిరీ ప్రొసీడింగ్స్‌లో ఆ కానిస్టేబుల్ జవాబు ఉంది: 'నేను క్యూ వెనక ఉన్నాను, కౌంటర్ దగ్గర ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు.' మీ కేసు మొత్తంలో ఇంతకంటే విలువైన వాక్యం లేదు. అప్పీల్‌లో దాని ఊసే లేదు! పేజీ నంబరు, ప్రశ్న నంబరుతో సహా ఎత్తి రాయండి.

మూడోది, మోనీ శంకర్ కేసులో కూడా ఉపయోగపడిన పాయింటు. 9వ రూల్‌లోని 21వ సబ్ రూల్ ప్రకారం, ఉద్యోగి తనంతట తాను సాక్షిగా కూర్చోకపోతే, తనకు వ్యతిరేకంగా వచ్చిన సాక్ష్యం గురించి ఎంక్వయిరీ ఆఫీసర్ చివర్లో ఆయన్ని తప్పనిసరిగా అడగాలి. ప్రొసీడింగ్స్‌లో అలాంటి ప్రశ్నలే లేవు. అయితే 'అడగలేదు' అని ఆపేయకండి, అడగకపోవడం వల్ల జరిగిన నష్టం చెప్పండి: అడిగి ఉంటే చిల్లర లేని సంగతి, ఆ పూట క్యాష్ లెక్క, డ్యూటీ ఎక్కేటప్పుడు తన సొంత డబ్బు ఎంతుందో రాసిన ప్రైవేట్ క్యాష్ డిక్లరేషన్, అన్నీ ఆయన వివరించేవారు. నష్టం చూపించని లోపాన్ని కోర్టులు పట్టించుకోవడం లేదు.

అలాగే, ప్రెజెంటింగ్ ఆఫీసర్‌ని (శాఖ తరఫున కేసు నడిపేవారిని) పెట్టకుండా ఎంక్వయిరీ ఆఫీసరే మీ నాన్నగారిని లాయరులా గుచ్చి గుచ్చి అడిగినట్టు రెండు మూడు చోట్ల కనిపిస్తోంది. ఎంక్వయిరీ ఆఫీసర్ శాఖ తరఫు మనిషి కాదు, నిష్పక్షపాతంగా ఉండాలి అని 2010లో సరోజ్ కుమార్ సిన్హా కేసులో సుప్రీంకోర్టు అంది. ఆ ప్రశ్నలూ ఎత్తి చూపండి.

28 ఏళ్ల సర్వీసు, ఇంతకుముందు శిక్షలేవీ లేకపోవడం, అన్నీ చివరి పేరాలో, 'పైవన్నీ కాదనుకున్నా, ఈ శిక్ష మరీ ఎక్కువ' అంటూ రాయండి. క్షమాపణ మాట మాత్రం ఎక్కడా వద్దు. రిమూవల్ అయినవాళ్లకి కంపాషనేట్ అలవెన్సు అడిగే వీలుంది, రావాల్సిన పెన్షన్‌లో మూడింట రెండు వంతుల దాకా ఇవ్వొచ్చు, కానీ అది వేరే దరఖాస్తుగా పెట్టండి, రివిజన్‌లో కలపకండి.

రివిజన్‌తో పని కాకపోతే సెంట్రల్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్, అంటే హైదరాబాద్ క్యాట్‌లో ఓ.ఏ. (ఒరిజినల్ అప్లికేషన్, అంటే అక్కడ వేసే పిటిషన్) వేయాలి. 1985 నాటి చట్టం ప్రకారం తుది ఆర్డర్ వచ్చిన ఏడాదిలోపు. అప్పీల్ పెట్టి ఆరు నెలలైనా జవాబు లేకపోతే ఆగక్కర్లేదు, ఆ తర్వాత ఏడాదిలోపు వెళ్లొచ్చు. ఈలోపు మంత్రిగారికి, బోర్డుకి, ఎంపీకి వినతులు పంపుతూ కూర్చుంటే ఆ గడువు పెరగదు. 1989లో ఏడుగురు జడ్జీల బెంచి ఎస్.ఎస్. రాథోడ్ కేసులో ఆ సంగతి తేల్చి చెప్పింది. క్యాట్ తీర్పు మీద హైకోర్టుకి వెళ్లొచ్చు. మీ రివిజన్ ఎలాగూ క్యాట్ చదువుతుంది కాబట్టి అదే మీ కోర్టు కేసుకి పునాది అనుకుని రాయండి.

ప్రశ్న: నేను పంచాయతీ సెక్రటరీని. మెమో ఇచ్చారు, సంజాయిషీ ఇచ్చాను, నెల తిరక్కుండా రెండు ఇంక్రిమెంట్లు క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో కట్ చేస్తూ ఆర్డర్ ఇచ్చారు. ఎంక్వయిరీ అసలు జరగలేదు. చిన్న శిక్షకి ఎంక్వయిరీ అక్కర్లేదంటున్నారు. అప్పీల్, రివిజన్, రివ్యూ, ఏది పెట్టాలో అర్థం కావడం లేదు, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. (పాఠకురాలు, ప్రకాశం జిల్లా)

జవాబు: అమ్మా, ముందు ఆ టెన్షన్ తగ్గించుకోండి, మీ కేసు బలంగా ఉంది. మామూలుగా ఇంక్రిమెంట్ ఆపితే కొంతకాలం డబ్బు పోతుంది, గడువు తీరాక జీతం మళ్లీ పాత మెట్టు మీదికి వస్తుంది. క్యుములేటివ్ ఎఫెక్ట్ అంటే ఆ మెట్టు మళ్లీ రాదు. రిటైరయ్యే దాకా ప్రతి నెలా జీతంలో ఆ తేడా ఉంటుంది, దాని మీద డీఏ తగ్గుతుంది, చివరి జీతం మీద లెక్కగట్టేవన్నీ తగ్గుతాయి. అందుకే 1990లో కుల్వంత్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు ఇది పెద్ద శిక్ష కిందికే వస్తుంది, పూర్తిస్థాయి విచారణ లేకుండా వేయడానికి వీల్లేదు అని చెప్పింది. మన రాష్ట్ర ఉద్యోగులకు వర్తించే 1991 నాటి సీసీఏ (క్రమశిక్షణ, అప్పీల్) రూల్స్‌లో పెద్ద శిక్షకు విచారణ ఎలా జరపాలో 20వ రూల్ చెబుతుంది. ఛార్జీలు రాసి ఇవ్వాలి, సాక్షుల జాబితా, కాగితాల జాబితా ఇవ్వాలి, విచారణ జరిపి రిపోర్టు కాపీ ఇచ్చి మీ జవాబు తీసుకోవాలి. మీకు ఇవేవీ జరగలేదు.

మీరు పెట్టాల్సింది అప్పీల్. ఆర్డర్ ఇచ్చిన అధికారికి పై అధికారికి వెళ్లేది అప్పీల్. పై అధికారి లేదా ప్రభుత్వం ఫైలు తెప్పించుకుని సరిచేసేది రివిజన్. అప్పట్లో చూపించలేకపోయిన కొత్త సాక్ష్యం బయటపడితే ప్రభుత్వం ఆ ఆర్డర్‌ని తిరిగి చూసేది రివ్యూ. మీ దగ్గర కొత్త సాక్ష్యం లేదు, ఉన్న ఆర్డరే తప్పు. గడువు ఎన్నాళ్లుందా అని లెక్కలు వేసుకోకుండా ఆర్డర్ అందిన నెలలోపే పెట్టేయండి, ఇన్‌వార్డ్ నంబరు వేయించిన కాపీ ఒకటి దగ్గర ఉంచుకోండి. రాష్ట్ర ఉద్యోగులకు ఇప్పుడు ట్రిబ్యునల్ లేదు కాబట్టి ఆ తర్వాత నేరుగా హైకోర్టే. సహజ న్యాయం పూర్తిగా దెబ్బతిన్న కేసుల్లో అప్పీల్ లేకుండా కూడా రిట్ వేయొచ్చు, కానీ 'ముందు అప్పీల్ చేసుకోండి' అని వెనక్కి పంపే అవకాశం ఉంది, ఆ నెలలు వృథా అవుతాయి.

ఒక మాట ముందే తెలుసుకోండి. ఆర్డర్ కొట్టేసినా, శాఖ కావాలనుకుంటే సరైన పద్ధతిలో మళ్లీ విచారణ మొదలుపెట్టవచ్చు. కాబట్టి మెమోలో ఉన్న అసలు ఆరోపణకి సంబంధించిన రిజిస్టర్ల కాపీలు ఇప్పుడే తీసి పెట్టుకోండి.

ప్రశ్న: ప్రభుత్వ రంగ బ్యాంకులో ఆఫీసర్‌ని. నా మీద ఛార్జీ రుజువు కాలేదని ఎంక్వయిరీ ఆఫీసర్ రాశారు. పై అధికారి మాత్రం రుజువైందని చెప్పి నేరుగా శిక్ష వేశారు. అలా చేయొచ్చా? ఆర్టికల్ 311 నాకు వర్తిస్తుందా? (పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: రిపోర్టుతో విభేదించే హక్కు ఆయనకు ఉంది, కానీ నేరుగా శిక్ష వేసే హక్కు లేదు. తాను ఎందుకు ఒప్పుకోవడం లేదో కారణాలు రాసి, రిపోర్టుతో పాటు మీకిచ్చి, మీ జవాబు చూశాకే నిర్ణయం తీసుకోవాలి. 1998లో పంజాబ్ నేషనల్ బ్యాంక్ వర్సెస్ కుంజ్ బిహారీ మిశ్రా తీర్పు అచ్చంగా మీలాంటి బ్యాంకు వాళ్లదే. విచారణ లేకుండా ఉద్యోగం నుంచి తీసేయకూడదనే రాజ్యాంగంలోని ఆర్టికల్ 311 సివిల్ పోస్టుల్లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగులకే, బ్యాంకులకూ కార్పొరేషన్లకూ లేదు. అయినా మీకు రక్షణ లేదని కాదు, మీ బ్యాంకు రెగ్యులేషన్లు, సహజ న్యాయం రెండూ వర్తిస్తాయి. రిపోర్టు కాపీ ఇచ్చి తీరాలన్న 1993 తీర్పు మన హైదరాబాద్ ఈసీఐఎల్ ఉద్యోగి కరుణాకర్ కేసులో వచ్చిందే, అది ప్రభుత్వ రంగ సంస్థలకూ చెల్లుతుందని కోర్టు స్పష్టంగా చెప్పింది.

ప్రశ్న: నేను ఆర్టీసీ కండక్టర్‌ని. చెకింగ్‌లో టికెట్ లేని ప్రయాణికులు దొరికారని రిమూవల్ చేశారు. ఆ ప్రయాణికుల్లో ఒక్కరినీ ఎంక్వయిరీకి పిలవలేదు. ఈ ఒక్క పాయింటుతో హైకోర్టులో గెలుస్తానని స్నేహితులు అంటున్నారు. (పాఠకుడు, నల్గొండ)

జవాబు: స్నేహితుల మాట నమ్మి ఆ ఒక్క పాయింటు మీదే వెళ్తే ఓడిపోతారు, అది మీకు ముందే చెప్పడం నా బాధ్యత. 1977లో హర్యానా కండక్టర్ రత్తన్ సింగ్ కేసులో సరిగ్గా ఈ వాదనే వచ్చింది. పదకొండు మంది ప్రయాణికుల్లో ఒక్కరినీ విచారించలేదన్నారు. శాఖాపరమైన విచారణకి ఎవిడెన్స్ యాక్ట్ కచ్చితంగా వర్తించదు, చెకింగ్ ఇన్‌స్పెక్టర్ సాక్ష్యం లాంటిది కొంత ఉన్నా చాలు అని సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చింది.

మీరు ముందు డిపో పైన ఉన్న అధికారులకి అప్పీల్, రివ్యూ పూర్తి చేసుకుని, ఆ తర్వాత కార్మిక చట్టం కింద వెళ్లండి. కారణం ఏమిటంటే, తొలగింపు కేసుల్లో కార్మిక న్యాయస్థానం సాక్ష్యాన్ని మళ్లీ తూచగలదు, శిక్ష ఎక్కువనిపిస్తే తనే తగ్గించి వేరే శిక్ష వేయగలదు. హైకోర్టు మామూలుగా అంత దూరం వెళ్లదు. అక్కడ మీకు ఉపయోగపడేవి ప్రయాణికుల సంగతి కంటే కాగితాలు: చెకింగ్ జరిగిన స్టేజీ ఏది, బస్సు ఎక్కడ ఎక్కారు, మీరు టికెట్ కొట్టే పనిలో ఉన్నారా, బస్సు కిక్కిరిసి ఉందా, చెకింగ్ జరిగిన చోటే తీసుకున్న మీ స్పాట్ స్టేట్‌మెంట్‌లో అప్పుడే ఏం రాశారు. ఒత్తిడి చేసి సంతకం పెట్టించారని ఇప్పుడు అంటున్నారు, కానీ ఆ వారంలోనే డిపో మేనేజర్‌కి అలా రాసి ఇచ్చిన కాగితం ఏదైనా ఉంటే వెతికి పట్టుకోండి. ఆలస్యం మాత్రం చేయకండి, యూనియన్‌లో ఇలాంటి కేసులు చూసే వాళ్లతో ఈ వారమే మాట్లాడండి.

ప్రశ్న: రాష్ట్ర ప్రభుత్వ సర్వీసు నుంచి రిటైరై మూడేళ్లు. ఆరేళ్ల కిందటి బిల్లు గురించి ఇప్పుడు ఛార్జ్ మెమో వచ్చింది. జవాబు ఇవ్వాలా, ఊరుకోవాలా? (పాఠకుడు, కరీంనగర్)

జవాబు: ఊరుకోకండి. 1980 పెన్షన్ రూల్స్‌లో 9వ రూల్ ప్రకారం, రిటైరయ్యాక కొత్తగా శాఖాపరమైన చర్య మొదలుపెట్టాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలి, ఘటన జరిగి నాలుగేళ్లు దాటకూడదు. మీరు చెప్పిన తేదీలు నిజమైతే మెమో నిలబడదు. గడువులోపు ఒక పేజీ జవాబులో బిల్లు తేదీ, మెమో తేదీ పక్కపక్కన రాసి, 9వ రూల్ కింద ఇది చెల్లదని రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. బిల్లు మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి ఆ జవాబులో వెళ్లకండి, కావాలంటే ఆ హక్కు ఉంచుకుంటున్నానని ఒక వాక్యం చాలు. అయినా విచారణ కొనసాగిస్తామంటే అప్పుడు హైకోర్టుకి వెళ్లండి.